కోబయాషి గారింట్లో డ్రాగన్: సబ్‌టైటిల్ పని మీద అపోహలు - వాస్తవాలు

జపనీస్ నుంచి తెలుగులోకి సబ్‌టైటిల్స్ రాయడం నా పని, తొమ్మిదేళ్ళయింది. 2025 సెప్టెంబర్‌లో డీమన్ స్లేయర్ అనే జపాన్ యానిమేషన్ సినిమా తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకి వచ్చాక ఎక్కడ కలిసినా అందరూ ఈ పని గురించే అడుగుతున్నారు, కాకపోతే ప్రశ్నతో పాటే జవాబు కూడా వాళ్ళే చెప్పేస్తున్నారు, ఆ జవాబులు చాలావరకు తప్పు. అన్నిటికీ విడివిడిగా చెప్పడం కంటే ఒక్క సిరీస్ పట్టుకుని చెప్తా. నా దగ్గర పని నేర్చుకోడానికి వచ్చే పిల్లలకి మొదటి నెల ప్రాక్టీస్‌కి నేనిచ్చేది ఇదే, "కోబయాషి సాన్ చి నో మేడొరాగొన్".

తెలీని వాళ్ళకి కథ రెండు ముక్కల్లో. కోబయాషి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఒంటరిగా ఉంటుంది, నడుంనొప్పి, సాయంత్రమైతే బీరు. ఒక రాత్రి తాగి కొండెక్కేసి అక్కడ గాయపడి పడున్న డ్రాగన్ ఒంట్లోంచి కత్తి పీకి, నువ్వు మా ఇంటికొచ్చి ఉండిపో అనేస్తుంది. పొద్దున ఆఫీసుకి బయల్దేరి తలుపు తీస్తే గుమ్మం ముందు ఇంత పెద్ద డ్రాగన్ తల. అదే తోరు, వెంటనే కొమ్ములూ తోకా ఉన్న అమ్మాయిగా మారిపోయి మీ దగ్గర మెయిడ్‌గా చేరతానంటుంది. 2013లో మాంగాగా, అంటే జపాన్ బొమ్మల కథగా మొదలైంది, 2017లో క్యోటో యానిమేషన్ అనే స్టూడియో వాళ్ళు 13 ఎపిసోడ్ల యానిమేషన్ సిరీస్‌గా తీశారు.

అపోహ: కార్టూనే కదా, పిల్లల భాషలో రాసేస్తే సరిపోతుంది.

కాదండి. ఇది పొద్దంతా కోడ్ రాసి ఒళ్ళు హూనమై ఇంటికొచ్చే మనిషి కథ, హైటెక్ సిటీ నుంచి రాత్రి తొమ్మిదింటికి క్యాబ్‌లో తిరిగొచ్చే అమ్మాయికి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. పైగా ఇందులో పిల్లలకి చూపించకూడనివి కూడా ఉన్నాయి, లుకోవా అనే డ్రాగన్‌కీ షోతా అనే చిన్నపిల్లాడికీ మధ్య పెట్టిన జోకులు నాకు అస్సలు నచ్చవు, వాటిని ప్రాక్టీస్‌లో ఇవ్వను. సిరీస్ మీద ప్రేమ ఉన్నంత మాత్రాన అవి బాగున్నాయని చెప్పలేను.

అపోహ: ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ముందు పెట్టుకుని తెలుగు చేసేస్తే పని అయిపోతుంది, జపనీస్ రావక్కర్లేదు.

ఎక్కువమంది నమ్మేది ఇదే, ఎక్కువ చెడగొట్టేదీ ఇదే. ముందు పేరే చూడండి. జపనీస్‌లో "మేడొ" అంటే మెయిడ్, "డొరాగొన్" అంటే డ్రాగన్, మధ్యలో "డొ" ఒకటే ఉంచి రెండూ అతికించేశారు. ఇంగ్లీష్‌లో డ్రాగన్ మెయిడ్ అయ్యేసరికి ఆ అతుకు పోయింది. తెలుగులో రాసి చూడండి, మెయిడ్, డ్రాగన్, కలిపితే మెయిడ్రాగన్, చక్కగా అతుక్కుంది! ఇక ముందున్న "సాన్ చి" అంటే ఫలానా వారి ఇల్లు అన్నమాట, "ఉచి" అంటే ఇల్లు, మాట్లాడేటప్పుడు "చి" అయిపోతుంది, మనం గారి ఇంట్లోని గారింట్లో అన్నట్టు. కోబయాషి గారింటి మెయిడ్రాగన్. ఇంగ్లీష్ మీంచి వెళ్తే ఈ పేరు దొరకదు.

అలాగే పొద్దున ఆఫీసుకి బయల్దేరేటప్పుడు జపాన్‌లో ఇంట్లోవాళ్ళకి "ఇత్తెకిమాసు" అని చెప్పి వెళ్తారు, మాటకి మాట చూస్తే వెళ్ళి వస్తాను అని. ఇంట్లోవాళ్ళు "ఇత్తెరాష్షాయ్" అంటారు, అంటే వెళ్ళి రా. మన అమ్మమ్మలు వెళ్తున్నా అంటే ఊరుకోరు, వెళ్ళొస్తా అనమంటారు, అదే మాట ఇక్కడ యథాతథంగా సరిపోతుంది. నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి దీన్ని ఇంగ్లీష్ చూసి "నేను బయల్దేరుతున్నా" అని రాశాడు. తప్పని కాదు, కానీ నిన్నటిదాకా తలుపు తాళమేసుకుని ఎవరికీ ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయిన మనిషికి ఇవాళ వెళ్ళొస్తా అని చెప్పడానికి ఇంట్లో ఒకరున్నారు, అది కదా కథ.

ఇంకో లాభం ఉంది, వాక్యం ఆఖర్న క్రియ పెట్టడం. జపనీస్‌లోనూ మనలోనూ అసలు మాట చివరకొస్తుంది, కామెడీకి ఇది చాలా ముఖ్యం. తోరు తన తోకనే కోసి వండి కోబయాషికి వడ్డిస్తుంది, ఆమె ప్రతిసారీ వద్దంటుంది, సిరీస్ పొడుగునా నడిచే జోకు. ఇక్కడ తోక అనే మాట స్క్రీన్ మీద ఎప్పుడు పడాలన్నదే మొత్తం పని. చూసేవాళ్ళ కళ్ళు చెవులకంటే ముందు పరిగెడతాయి, రెండు లైన్లూ ఒకేసారి పెట్టేస్తే గొంతు ఇంకా "ఈ మాంసం" అనే మాట దగ్గరుండగానే వాళ్ళు "నా తోకది" అని చదివేసుంటారు, నవ్వు అక్కడే చచ్చిపోతుంది. అందుకే లైన్‌ని రెండు ముక్కలు చేసి, రెండో ముక్కని కోబయాషి మొహం కనపడే ఫ్రేమ్ దగ్గర మొదలుపెడతాం. ఒక్కోసారి ఆ ఒక్క కట్ కోసం అరగంట కూర్చుంటా.

అపోహ: సాన్ అంటే గారు, సామా అంటే వారు, లిస్టు పెట్టుకుని మార్చుకుంటూ పోవడమే.

కోబయాషి ఇంటిపేరు. ఆమె సొంత పేరేంటో సిరీస్‌లో చెప్పనే చెప్పరు, ఒకే ఇంట్లో ఉండే తోరు కూడా ఇంటిపేరుకి సాన్ పెట్టే పిలుస్తుంది. మర్యాదగా, ప్రేమగా, మీరు అంటూ మాట్లాడుతుంది, అదే తోరు మిగతా మనుషుల్ని పురుగుల్లా తీసిపారేస్తుంది, వాళ్ళకి ఆ మర్యాద ఉండదు. ఇంగ్లీష్‌లో అన్నీ ఒకే "యూ" అయిపోతాయి కాబట్టి అక్కణ్ణుంచి రాసేవాళ్ళకి ఆ తేడా కనపడదు. ఇక ఇంట్లో చేరే చిన్న డ్రాగన్ సంగతి ఇంకా బాగుంటుంది, తోరుని "తోరు సామా" అంటుంది, ఇల్లిచ్చిన కోబయాషిని మాత్రం ఉత్త "కోబయాషి" అంటుంది, సాన్ గీన్ ఏమీ లేదు. పిల్ల పెద్దావిడని పేరు పెట్టి పిలవడం మన చెవికి గుచ్చుకుంటుంది కాబట్టి నేర్చుకునేవాళ్ళు వెంటనే అక్కా అనో ఆంటీ అనో పెట్టేస్తారు. వద్దంటాను. వాళ్ళింకా ఒకరికొకరు ఏమవుతారో వాళ్ళకే తెలీదు, నెమ్మదిగా తెలుసుకుంటారు, మొదటి రోజే మనం చుట్టరికం కలిపేస్తే చూసేవాళ్ళకి మిగిలేదేముంది.

ఆ పిల్ల పేరు కన్న. హొక్కైదో ద్వీపంలోని ఐను ప్రజలకి కన్న కముయ్ అని ఉరుముల దేవుడున్నాడు, పేరు అక్కణ్ణుంచి వచ్చింది. తెలుగులో పేరు పెట్టి పిలిస్తే చివర సాగుతుంది కదా, కోబయాషి నిద్రలేపుతుంటే స్క్రీన్ మీద "కన్నా, లే" అని పడుతుంది. అది చదివి ఏ అమ్మకి వేరే అర్థం తోస్తుంది? జపనీస్‌లో ఆ ముద్దు లేదు, నేను కలిపిందీ కాదు, పేరే అలా కుదిరింది. అలాగే ఉంచేస్తా.

అపోహ: మెయిడ్ అంటే పనిమనిషి, అచ్చ తెలుగు మాట ఉండగా ఇంగ్లీషెందుకు.

ఈ ఒక్కచోట నేను మొండి. పనిమనిషి అనగానే మనింట్లో విడిగా పెట్టే గ్లాసు, జీతం బేరం, కులం అన్నీ వచ్చి కూర్చుంటాయి. కోబయాషి పిచ్చి అది కాదు, ఆవిడ మెయిడ్ డ్రస్ మీద, పాతకాలపు ఇంగ్లండ్ మెయిడ్ల మీద ప్రాణం పెట్టే మనిషి, టోక్యో అకిహబారాలో మెయిడ్ డ్రస్సుల్లో వడ్డించే మెయిడ్ కెఫేలు పుట్టించిన అభిమానం లాంటిది. మాట మారిస్తే లోకం మారిపోతుంది. డ్రాగన్‌ని రాకాసి బల్లి అనడం, నాగరాజు అనడం కూడా ఇంతే. జపనీస్‌లో కూడా "ర్యూ" అనే సొంత మాట ఉండగా డొరాగొన్ అనే తెచ్చుకున్న మాటే వాడారు. సిరీస్‌లో ఇంకో డ్రాగన్ ఫాఫ్నిర్ ఉత్తర ఐరోపా కథల్లో నిధికి కాపలా కాసేవాడు, లుకోవా అసలు పేరు కెట్సాల్‌కోవాట్ల్, మెక్సికో వైపు ఈకల పాము దేవుడు, వీళ్ళందర్నీ తెచ్చి నాగలోకంలో కూర్చోబెట్టలేం.

అపోహ: మొదటి సీజన్ ఆడలేదు, అందుకే రెండోది నాలుగేళ్ళు ఆలస్యమైంది.

ఇది నా పని గురించి కాదు, అయినా వదల్లేను. 2019 జులై 18న క్యోటోలో ఈ సిరీస్ తీసిన క్యోటో యానిమేషన్ స్టూడియోకి ఒకడు నిప్పంటించాడు, 36 మంది చనిపోయారు, వాళ్ళలో మొదటి సీజన్ దర్శకుడు యసుహిరో తకెమోతో ఒకరు. రెండో సీజన్ 2021లో వచ్చింది, తత్సుయా ఇషిహరా దర్శకత్వంలో, టైటిల్స్‌లో సిరీస్ దర్శకుడిగా తకెమోతో పేరే ఉంచారు. ఆలస్యమైందని ఎవరైనా విసుక్కుంటే ఈ సంగతి చెప్పండి.

ఇక చివరిది, తెలుగులో ఇలాంటి కథలకి వ్యాకరణం అడ్డమొస్తుందంటారు. అడ్డం కాదు, సాయం. "అమ్మాయి వచ్చింది", "డ్రాగన్ వచ్చింది", క్రియ ఒకటే. తోరు మనిషా జంతువా అని ఒక్కరున్నంతసేపు తెలుగు మనల్ని అడగనే అడగదు. ఇద్దరయ్యారో, అప్పుడు తప్పదు, వచ్చాయా వచ్చారా, రెండా ఇద్దరా తేల్చాలి. జపనీస్‌లో కూడా మనుషుల్ని ఒకలా, జంతువుల్ని ఒకలా లెక్కపెడతారు. నేను పెట్టుకున్న పద్ధతి ఏంటంటే, డ్రాగన్లని బయటినుంచి చూసేవాళ్ళ మాటల్లో "రెండు డ్రాగన్లు", కోబయాషి నోట మాత్రం ఎప్పుడూ "ఇద్దరు". మొన్న ఒకమ్మాయి ప్రాక్టీస్ ఫైల్ పంపింది, ఈ పద్ధతి నేనింకా చెప్పలేదు తనకి. మొదటి ఎపిసోడ్లలో కోబయాషి లైన్లన్నిట్లో రెండు, ఉన్నాయి, తిన్నాయి అని రాసుకుంటూ వచ్చింది. తర్వాత ఎక్కడో మధ్యలో, ముగ్గురూ అన్నం తినే సీన్‌లో, "ఇద్దరూ తిన్నారా" అని ఉంది. కింద నాకో నోట్ పెట్టింది, "ఇక్కడినుంచి మార్చాను సార్, ముందువి అలాగే ఉంచనా?" అని. ఉంచమన్నాను. నా ఫైల్లో కూడా అలాగే మార్చుకున్నా.