‘మీనా’ నుంచి ‘అ ఆ’ దాకా: నవలా రచయిత పేరు తెర మీంచి ఎలా జారిపోయింది

నవల బాగుందా, సినిమా బాగుందా అన్న పంచాయితీ మళ్లీ మొదలైంది. సాయంత్రంలోగా నేపథ్యం రాసిమ్మని డెస్క్ వాళ్లు అడిగారు. శరత్ నవలల్లోంచి ‘దేవదాసు’, ‘బాటసారి’ ఎలా వచ్చాయో ఇక్కడ చెప్పబోవడం లేదు, ఆ జాబితా ఎవరినడిగినా చెబుతారు. పైకి వాదన ఏది బాగుందన్నదే అయినా, నాలుగు మాటలు దాటేసరికి అది ఎవరి కథ, పేరు వేశారా లేదా అన్న చోటికే వచ్చి ఆగుతోంది. అందుకని 2016తో మొదలుపెడతాను.

ఆ ఏడాది జూన్ 2న త్రివిక్రమ్ శ్రీనివాస్ దర్శకత్వంలో ‘అ ఆ’ విడుదలైంది. నితిన్, సమంత జంట. మా అమ్మను తీసుకెళ్లాను. డబ్బున్న ఇల్లు, గీత గీసి పెంచే తల్లి, ఆవిడ ముందు నోరెత్తని తండ్రి, తల్లి ఊళ్లో లేని సమయం చూసి పల్లెటూరి బంధువుల ఇంటికి బయల్దేరిన కూతురు. సమంత ఆ ఊళ్లో కాలు పెట్టిందో లేదో, అమ్మ నా మోచెయ్యి గిల్లి ‘ఇది మీనా కదూ’ అంది. అప్పటికింకా ఇంటర్వెల్ కూడా కాలేదు. అమ్మ ఆ నవల చదివి నలభై ఏళ్లు దాటింది.

అమ్మలాంటి వాళ్లు చాలామందే ఉన్నారని వారం తిరక్కుండానే తెలిసిపోయింది. యద్దనపూడి సులోచనారాణి నవల ‘మీనా’కూ ఈ సినిమాకూ పోలికలు ఎంచి చెప్పేవాళ్లు ఊరూరా బయల్దేరారు. ఆమె పేరు వెయ్యలేదేమని విమర్శ రేగింది. తర్వాత ఆమెకు కృతజ్ఞతలు చెప్పారు, పేరూ చేర్చారు. ఇప్పుడు ఎక్కడ చూసినా ‘యద్దనపూడి నవల ఆధారంగా’ అనే ఉంటుంది. ఆమె 2018 మేలో అమెరికాలో కన్నుమూశారు. సినిమా పక్షాన చెప్పే మాట కూడా ఒకటుంది. పాత కథను ఈ కాలానికి మలుచుకున్నారు, హాస్యం కొత్తది, సంభాషణలు కొత్తవి అంటారు. నిజమే. నవలలో మీనా మనసులో జరిగేది ఎక్కువ, సినిమాలో మాటల్లో జరిగేది ఎక్కువ. అయినా ఇల్లు మార్చి రంగేసినంత మాత్రాన పునాది ఎవరు తీశారన్నది మారదు కదా అని నవల చదివినవాళ్లు అడిగారు. దానికి సూటిగా జవాబు ఎవరూ చెప్పినట్టు నాకు గుర్తులేదు.

ఇందులో ఒక తమాషా ఉంది. ‘అ ఆ’లో సమంతకు తండ్రిగా వేసింది నరేశ్. ఆయన తల్లి విజయనిర్మల ఇదే నవలను ‘మీనా’ పేరుతోనే 1973లో సినిమాగా తీశారు. తల్లి తీసిన కథలోనే కొడుకు నలభై మూడేళ్ల తర్వాత వేషం కట్టారు.

1973లో ఇలాంటి గొడవ పుట్టే వీలే లేదు. విజయనిర్మల అప్పటికి మలయాళంలో ‘కవిత’ తీశారు, తెలుగులో దర్శకత్వం అదే మొదలు. హీరో కృష్ణ. సంగీతం రమేశ్ నాయుడు. శ్రీరామనవమి పందిళ్లలో ఇప్పటికీ మోగే ‘శ్రీరామ నామాలు శతకోటి’ ఆ సినిమాలోదే. కొత్తగా దర్శకత్వం పట్టినవాళ్లకు అంతకన్నా కావలసిందేముంది? అందరూ చదివేసిన నవల, అదే పేరు, ఆ రాసినావిడ పేరు. పేరు దాచుకుంటే నష్టం నిర్మాతకే.

ఆ రోజుల్లో వారపత్రిక వచ్చే రోజున ఇంట్లో ఎవరు ముందు చదవాలన్నదే తగువు. అందరూ చదివాక సీరియల్ పేజీలు మాత్రం జాగ్రత్తగా చింపి, వరుసగా పేర్చి, దబ్బనంతో మూడు చోట్ల పొడిచి పురికొసతో కుట్టేవారు. అట్టకు పాత కేలండరు. మా ఇంట్లో అలాంటివి ట్రంకుపెట్టె నిండా ఉండేవి. పేజీ తిప్పితే వెనక సగం తెగిన జోకు, సబ్బు ప్రకటన, ఎవరిదో వారఫలం. అవి కూడా కథలో భాగమన్నట్టే చదివేవాళ్లం. ఇంట్లో దొరకనివాటికి వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండనే ఉంది.

అలా కుట్టుకుని దాచుకున్నవాళ్లు థియేటర్‌కొచ్చేది లెక్క సరిచూసుకోవడానికి. 1971లో కోడూరి కౌసల్యాదేవి ‘ప్రేమనగర్’ను రామానాయుడు తీస్తే నవల పేరే సినిమా పేరు. అది హిట్టయ్యి తమిళంలో ‘వసంత మాళిగై’గా, హిందీలో మళ్లీ ‘ప్రేమ్‌నగర్’గా వెళ్లింది. శివాజీ గణేశన్, రాజేశ్ ఖన్నా ఆ కథలో నటించారు. ఒక తెలుగు గృహిణి రాసిన కథ మూడు భాషల్లో డబ్బు చేసుకుంది. యద్దనపూడి ‘సెక్రటరీ’ 1976లో తెరకెక్కింది. ఆ నవల చదివిన ప్రతి అమ్మాయి మనసులోనూ రాజశేఖరం ఒకడున్నాడు, ఒకరి రాజశేఖరానికీ ఇంకొకరి రాజశేఖరానికీ పోలికుండదు. తెర మీదికొచ్చేసరికి అతను అక్కినేని నాగేశ్వరరావు అయ్యాడు. అప్పటికి ఆయనకు యాభై దాటింది. నచ్చినవాళ్లు మళ్లీ వెళ్లారు, నచ్చనివాళ్లు మూతి తిప్పుకున్నారు. జయంతిగా వాణిశ్రీ నవల్లో ఉన్నంత పొగరుగా ఉందా, లేదా అని కొలిచి చెప్పే మనిషి మాత్రం ప్రతి వీధిలోనూ ఉండేది.

నా లెక్కలో ఆ మనిషే అసలు కాపలా. రచయిత పేరు తెర మీద పడేలా చేసింది చట్టం కన్నా ఆమే ఎక్కువ. ఆమె ఎప్పుడు మాయమైందో చూస్తే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది.

చట్టం మాట వచ్చింది కాబట్టి 1978 గురించి చెప్పుకోవాలి. ఆర్.జి. ఆనంద్ అనే నాటకకర్త ‘హమ్ హిందుస్తానీ’ అనే నాటకం రాశారు. 1956లో వచ్చిన ‘న్యూఢిల్లీ’ అనే హిందీ సినిమా తన నాటకమేనని కోర్టుకెక్కారు. కింది కోర్టులో ఓడిపోయారు, హైకోర్టులో ఓడిపోయారు, సినిమా వచ్చిన ఇరవై రెండేళ్లకు సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు. ఆలోచనకు, ఇతివృత్తానికి కాపీరైట్ ఉండదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుందని కోర్టు చెప్పింది. ఈ ముక్క సినిమావాళ్లందరికీ కంఠతా వచ్చు. అదే తీర్పులో ఇంకో ముక్క ఉంది, దాన్ని తలచుకునేవాళ్లు తక్కువ. రెంటినీ చదివిన, చూసిన మనిషికి రెండోది మొదటిదాని నకలే అని ఎలాంటి సందేహం లేకుండా అనిపిస్తే అది కాపీ కింద లెక్క.

ఆ పరీక్ష పెట్టాలంటే ముందు రెండూ తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. హాల్లో అమ్మ నా మోచెయ్యి గిల్లి అడిగింది ఆ పరీక్షలోని ప్రశ్నే.

తెలుగులో 1978 తీర్పుతో అప్పట్లో ఎవరికీ పెద్దగా పని పడలేదు. నవల పేరుకు గిరాకీ ఉన్నన్నాళ్లు దాన్ని డబ్బిచ్చి కొనుక్కునేవారు. 1983లో యండమూరి వీరేంద్రనాథ్ ‘అభిలాష’ను కె.ఎస్. రామారావు తీస్తే, ఉరిశిక్ష మీద పోరాడే లాయరుగా చిరంజీవి వేశారు. నవల పేరు అలాగే ఉంచారు. మరుసటి ఏడాదే ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’ తెర మీద ‘ఛాలెంజ్’ అయింది. అంత పొడుగు పేరు పోస్టర్ మీద పట్టదనుకున్నారేమో. నాకైతే మొదటి గీటు అక్కడే పడిందనిపిస్తుంది: రచయిత పేరు ఉంది, పుస్తకం పేరు పోయింది. హీరో ఇమేజ్ పెరిగేకొద్దీ నవల్లో మనిషిని హీరోకు తగ్గట్టు సర్దడం మొదలైంది. 1991లో యండమూరి స్వయంగా మెగాఫోన్ పట్టి చిరంజీవితో ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ తీశారు, ఆడలేదు. జంధ్యాల, మల్లాది వెంకట కృష్ణమూర్తి కలిసిన ‘చంటబ్బాయ్’ లాంటివి వేరే దారి. వాటి గురించి విడిగా రాయాలి.

అసలు మలుపు 1995. జెమినీ, ఈటీవీ రెండూ ఆ ఏడాదే మొదలయ్యాయి. వారపత్రిక వారానికోసారి ‘తరువాయి వచ్చేవారం’ అంటూ ఆపే చోటు దగ్గర టీవీ రోజూ ఆపడం మొదలుపెట్టింది, పైగా చదివే పని లేకుండా. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక పుస్తకం పట్టుకునే గంట సీరియల్‌కు పోయింది. వీధి చివర అద్దె పుస్తకాల షాపు సీడీల షాపయింది, తర్వాత సెల్ రీచార్జి షాపయింది. పురికొసతో కుట్టిన పుస్తకాలు పాత పేపర్ల వాడి తక్కెట్లోకి వెళ్లాయి. మావి కూడా, నేనే మోసుకెళ్లి ఇచ్చాను.

పాఠకులు పోయాక నవల పేరుకు నిర్మాత డబ్బెందుకిస్తాడు? పేరు వేస్తే టికెట్లు తెగవు, వెయ్యకపోతే అడిగేవాళ్లు లేరు. 1978 తీర్పులో మొదటి ముక్క అప్పుడు అక్కరకొచ్చింది. ‘ఇన్‌స్పిరేషన్’ అన్న మాట ఆ తర్వాత ఫిల్మ్‌నగర్‌లో ఊతపదమైంది.

రచయితల చేతిలో ఏమీ లేదనుకోకూడదు. హిందీ రచయిత్రి మన్నూ భండారీ ‘ఆప్ కా బంటీ’ నవలను ‘సమయ్ కీ ధారా’ పేరుతో సినిమా తీస్తే, హక్కులు అమ్మినా తన కథను పాడుచెయ్యడానికి వీల్లేదని ఆవిడ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. ఇరుపక్షాలూ చివరికి రాజీకొచ్చినా, 1986లో కోర్టు ఒక మాట గట్టిగా చెప్పింది. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కింద రచయితకు ఉండే నైతిక హక్కు, నవలను అమ్మేసినా పోదు. కథను మార్చొచ్చు, అసలు గుర్తుపట్టలేనంతగా విరిచెయ్యకూడదు. తన పేరు తనదని చెప్పుకునే హక్కు కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. 1994లో సవరణ వచ్చి, మార్పు వల్ల రచయిత గౌరవానికీ పేరుకూ దెబ్బ తగిలితేనే ఫిర్యాదు చెల్లుతుందని గీత కొంచెం జరిపారు. సినిమావాళ్లకు అది ఊరట. తెలుగులో నవల రాసేవాళ్లలో ఎంతమంది ఆ సెక్షన్ పట్టుకుని కోర్టు మెట్లెక్కగలరు? వాయిదాకు వెళ్లొచ్చే బస్సు చార్జీ, లాయరు ఫీజు నవల మీద వచ్చిన డబ్బు కన్నా ఎక్కువ.

పేరు సరిగ్గా వేస్తే వాదన ఎంత ఆరోగ్యంగా ఉంటుందో ‘కొండపొలం’ చూపించింది. కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల అది, 2019లో అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా పెట్టిన పోటీలో బహుమతి వచ్చింది. కరువొచ్చి ఊళ్లో మేత, నీళ్లు లేనప్పుడు గొర్రెల మందలను నల్లమలకు తోలుకెళ్లడాన్ని కొండపొలం అంటారు. చదువుకున్నా ఉద్యోగం రాని రవి అనే కుర్రాడు తండ్రి వెంట వెళ్లి, అడవిలో పులి భయంతోపాటు ఇంకా చాలా భయాలు పోగొట్టుకుంటాడు. 2021 అక్టోబర్ 8న క్రిష్ దర్శకత్వంలో సినిమా వచ్చింది. నవల పేరే సినిమా పేరు. రచయిత సినిమా రాతలో కూడా పాలుపంచుకున్నారు. నవల్లో లేని ఓబులమ్మ అనే పాత్రను చేర్చి రకుల్‌ప్రీత్‌తో వేయించారు.

ఓబులమ్మ గురించే గొడవపడ్డాం, హాయిగా. అడవిలో ఆడపిల్ల లేకపోతే కమర్షియల్‌గా నడవదన్నది సినిమా లెక్క. నవల చదివినవాళ్ల బాధ వేరు. ఆ పుస్తకంలో వాళ్లకు నచ్చింది గొర్రె దగ్గితే కాపరి చెవి అటు తిరగడం, రాత్రి మంట చుట్టూ ముసలివాళ్లు సీమ యాసలో చెప్పుకునే ముచ్చట్లు, నీటిచెలమ కోసం వెతుకులాట. పాట వచ్చినప్పుడల్లా మంద ఎక్కడికి పోయిందా అని వాళ్లు తెరంతా వెతుక్కున్నారు. నేనూ వెతుక్కున్నాను. అయినా దొంగతనం అన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఇక కోర్టులో నలిగిన ‘శ్రీమంతుడు’ సంగతి. 2015 ఆగస్టులో మహేశ్‌బాబుతో కొరటాల శివ తీసిన ఆ సినిమా, 2012లో స్వాతి పత్రికలో అచ్చయిన తన ‘చచ్చేంత ప్రేమ’ నవల నుంచి తీసుకున్నదేనని ఒక రచయిత కేసు వేశారు. దర్శకుడు కాదన్నారు. విషయం నాంపల్లి కోర్టు నుంచి హైకోర్టుకు, అక్కణ్నించి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 జనవరిలో సుప్రీంకోర్టులో దర్శకుడికి ఊరట దక్కలేదు. కేసు ఎదుర్కోక తప్పదన్నదే దాని అర్థం, కాపీ కొట్టారని కోర్టు చెప్పినట్టు కాదు. ఊరి బాగు కోరే శ్రీమంతుడి కొడుకు కథ ఎవరైనా రాయొచ్చన్నది సినిమావాళ్ల వైపు వాదించేవాళ్ల మాట. ఏ ఊరు, ఏ మలుపు, ఏ వరుస అన్నది చూడాలంటారు రచయిత పక్షాన మాట్లాడేవాళ్లు.

ఆ సినిమా చూసినవాళ్లు లక్షల్లో ఉంటారు. చూస్తూ చూస్తూ పక్కనున్నవాళ్ల మోచెయ్యి గిల్లి ఇది ఫలానా నవల కదూ అన్నవాళ్లు నాకు తెలిసి ఒక్కరూ లేరు. అమ్మ కూడా స్వాతి మానేసి చాలా ఏళ్లయింది. కాబట్టి విచారణ దాకా వెళ్లిన రోజున, నవల ముందు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదివి, తర్వాత సినిమా చూడాల్సిన పని జడ్జిగారి మీదే పడుతుంది.