ఫోను తాళం వెనుక అప్పు లెక్క

అమెరికాలో ఉంటున్న అక్క సెలవులకు వచ్చి, తను వాడిన ఐఫోను నాన్న చేతిలో పెడుతుంది. పిన్నుతో ట్రే లాగి, అక్కడి సిమ్ తీసి మన సిమ్ వేస్తాం. ఈ సిమ్ చెల్లదని తెర చెబుతుంది. ఫోను పాడవలేదు. అమ్మిన టెలికాం కంపెనీ తన నెట్‌వర్కులో తప్ప పనిచేయకుండా దానికి తాళం వేసింది, అంతే. ఒకప్పుడు ఇలాంటి ఫోన్లు పట్టుకుని హైదరాబాద్‌లో ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కు పరుగెత్తేవాళ్లు. సిమ్‌కు కాగితమంత పలుచని చిప్ జోడిస్తే పని నడిచేది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే చాలాసార్లు కథ మళ్లీ మొదటికొచ్చేది.

తొలి ఐఫోను 2007 జూన్ 29న అమెరికాలో అమ్మకానికి వచ్చింది. అక్కడి టెలికాం కంపెనీ ఏటీ అండ్ టీ నెట్‌వర్కులో తప్ప పనిచేయదు, రెండేళ్ల ఒప్పందం తప్పనిసరి. రెండు నెలలు తిరగకముందే న్యూజెర్సీకి చెందిన 17 ఏళ్ల జార్జ్ హాట్జ్ ఫోను విప్పి, సోల్డరింగ్ చేసి ఆ తాళం తీసి చూపించాడు.

అసలు కిటుకు మరుసటి ఏడాది ధరలో ఉంది. 399 డాలర్లకు దిగిన ఫోను స్థానంలో 2008లో ఐఫోన్ 3జీ 199కే వచ్చింది. అందరూ 200 డాలర్లు మిగిలాయనుకున్నారు. కానీ నెలవారీ డేటా ఛార్జీ 20 నుంచి 30 డాలర్లయింది. నెలకు 10 చొప్పున 24 నెలలకు 240. అంటే తగ్గిన ధర కంటే 40 డాలర్లు ఎక్కువే కట్టారు. అదే ఏడాది ఆగస్టులో మన దేశంలో 8 జీబీ ఫోను 31,000 రూపాయలకు వచ్చినప్పుడు, అమెరికాలో తొమ్మిది వేలైనా కాదే అని మనవాళ్లు బాధపడ్డారు. అక్కడి మిగతా ధర నెల బిల్లులో కలిసిపోయిందని చాలామంది గమనించలేదు.

నెల బిల్లులో కలిసిన ఆ మిగతా ధర ఒక అప్పు. నా దృష్టిలో తాళం ఆ అప్పుకు తాకట్టు. అప్పు తీరేదాకా ఉంచితే అర్థముంది. అన్యాయమేమిటంటే, రెండేళ్లు నిండి ఫోను ధర వసూలైపోయాక కూడా బిల్లు తగ్గేది కాదు. తాళం కూడా దానంతటది ఊడేది కాదు.

దీనికి చట్టం తోడైంది. సినిమాలు, పాటల నకళ్లను అడ్డుకోవడానికి 1998లో చేసిన కాపీరైట్ చట్టం ఫోను లాక్ సాఫ్ట్‌వేర్‌కూ వర్తించింది. మినహాయింపులిచ్చే అధికారం అమెరికా పార్లమెంటు గ్రంథాలయాధిపతిది. 2006లో, 2010లో ఇచ్చి, 2012లో నిరాకరించారు. దాంతో 2013 జనవరి 26 తర్వాత కొన్న ఫోను తాళాన్ని కంపెనీ అనుమతి లేకుండా తీయడం చట్టవిరుద్ధమైంది. సొంత డబ్బుతో కొన్న వస్తువు మీద అలాంటి ఆంక్ష ఎవరు ఒప్పుకుంటారు? 1,14,000 మందికి పైగా వైట్‌హౌస్‌కు వినతిపత్రం పంపారు. 2014 ఆగస్టు 1న ఒబామా సంతకంతో ఆ హక్కు తిరిగివచ్చింది.

ఈలోగా 2013 మార్చిలో అక్కడి మరో టెలికాం కంపెనీ టీ-మొబైల్ ఫోను ధరను, నెల బిల్లును విడదీసింది. ఐఫోన్ 5కు ముందు 99 డాలర్లు, తర్వాత నెలకు 20 చొప్పున 24 వాయిదాలు, మొత్తం 579. లెక్క మొదటిసారి కళ్ల ముందుకు వచ్చింది. పెద్ద కంపెనీలు ఆ దారిలోనే నడిచాయి కానీ, ఇప్పుడు ‘ఉచిత’ ఫోను పేరుతో 36 నెలల వరకూ బిల్లులో కొంచెం కొంచెం రాయితీ ఇస్తున్నాయి. మధ్యలో వెళ్లిపోతే మిగిలిన రాయితీ పోతుంది. పాత ఒప్పందం వేరే వేషంలో తిరిగివచ్చినట్టే.

కెనడా ఈ తగువును సూటిగా తేల్చింది. కంపెనీలు తాళం తీయడానికి 50 డాలర్ల వరకూ గుంజుతుంటే, 2017 డిసెంబరు 1 నుంచి ఆ రుసుమును నిషేధించి, కొత్త ఫోన్లు తాళం లేకుండానే అమ్మాలంది. బ్రిటన్ 2021 డిసెంబరులో అదే చేసింది. అమెరికాలో మాత్రం వాయిదాలు తీరాక కూడా కొన్ని కంపెనీల్లో మనమే అడగాలి. అక్క విమానం ఎక్కేముందు *#06# నొక్కి, వచ్చిన 15 అంకెల ఐఎంఈఐ నంబరుతో (ప్రతి ఫోనుకూ ఉండే గుర్తింపు సంఖ్య) తన కంపెనీకి అన్‌లాక్ దరఖాస్తు పెట్టుకోవచ్చు. బాకీ లేకపోతే పెద్ద కంపెనీలు డబ్బు అడగవు.