గండికోట అంచున ముక్కాలి డిష్

కారవాన్‌లో తిరిగేవారి కోసం అమెరికా, బ్రిటన్‌లలో రాసే సలహాల్లో మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: చెట్లు అడ్డం రాని చోటు వెతుక్కోండి. రెండోది: దిక్సూచితో దిక్కు కచ్చితంగా చూసుకోండి. ఈ రెండింటినీ నమ్ముకుని కడప జిల్లా గండికోటకు వచ్చి, పెన్నా లోయ అంచున వ్యాను ఆపి, ముక్కాలి స్టాండు మీద డిష్ బిగించబోతే శ్రమంతా అక్కర్లేని చోట ఖర్చయిపోతుంది. ఆ సలహాలు తప్పని కాదు. అవి వేరే అక్షాంశం కోసం రాసినవి. గండికోట 15 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త దిగువన ఉంది. ఇక్కడి ఆకాశంలో ఉపగ్రహాలు నిలిచే చోటే వేరు, కాబట్టి జాగ్రత్త పడాల్సిన చోటూ వేరే.

అంత దూరం వెళ్లి టీవీ ఏమిటని అడిగేవారు ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని నాలుగు రోజులు తిరిగినవారు మాత్రం అడగరు.

ఇంటి మీది డిష్ ఏళ్ల తరబడి కదలకుండా ఒకే వైపు చూస్తూ ఎలా పనిచేస్తుందో ముందు చూద్దాం. ఉపగ్రహం భూమికి ఎంత దూరంలో ఉంటే ఒక చుట్టు తిరగడానికి అంత ఎక్కువ సమయం పడుతుంది. భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున ఆ సమయం 23 గంటల 56 నిమిషాలు. భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టేదీ అంతే. సెకనుకు మూడు కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెత్తుతున్నా, కింది నుంచి చూసేవారికి ఆ ఉపగ్రహం ఒకే చోట నిలిచినట్టు ఉంటుంది. ప్రసారాలకు ఈ కక్ష్యను వాడుకోవచ్చని ఆర్థర్ సి. క్లార్క్ 1945లో రాశారు. 1964లో సింకామ్-3 అక్కడికి చేరింది. ఇప్పుడు మన టీవీ ఉపగ్రహాలన్నీ ఆ ఒక్క వలయం మీదే, రేఖాంశాన్ని బట్టి ఎవరి చోటు వారిదిగా ఉన్నాయి. దూరదర్శన్ ఉచిత ప్రసారాలు అందించే జీశాట్-15 స్థానం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. 2015 నవంబరులో దాన్ని ప్రయోగించారు. డీడీ సప్తగిరి చూడాలన్నా డిష్‌ను తిప్పాల్సింది దాని వైపే. నెలవారీ చందా లేదు కాబట్టి అప్పుడప్పుడూ ప్రయాణాలు చేసేవారికి ఇదే నయమని నా అభిప్రాయం.

లెక్క వేస్తే గండికోట నుంచి జీశాట్-15 ఉత్తరం నుంచి 133 డిగ్రీల దిక్కున, అంటే ఇంచుమించు ఆగ్నేయ మూలన ఉంటుంది. నేల నుంచి ఎత్తు కోణం 65 డిగ్రీలు. కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో ఎక్కడ లెక్కించినా దిక్కు 132 నుంచి 135 లోపు, ఎత్తు 64 నుంచి 66 లోపు వస్తుంది. కాబట్టి సీమలో ఎక్కడ వ్యాను ఆపినా ఆగ్నేయం, 65 అని గుర్తుంటే చాలు. 83 డిగ్రీల రేఖాంశం మీది ఉపగ్రహం కావాలంటే దిక్కు 162, ఎత్తు 72. అది దాదాపు నడినెత్తికి దగ్గర.

లండన్‌లో అక్కడివారి టీవీ ఉపగ్రహం 25 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. పది మీటర్ల చెట్టు ఆ చూపుకు అడ్డం రాకూడదంటే డిష్‌ను దానికి ఇరవై మీటర్లకు పైగా దూరంలో పెట్టాలి. గండికోటలో అదే చెట్టుకు ఐదు మీటర్లు ఎడంగా ఉంటే సరిపోతుంది. చెట్ల గురించి వారి బెంగ మనకు లేదన్నమాట. ఇంకో లాభం కూడా ఉంది. అడ్డాలను తప్పించుకోవడానికి డిష్‌ను ఎత్తున నిలబెట్టాల్సిన పని లేదు. స్టాండు కాళ్లు బాగా చాపి, గొట్టాన్ని పొట్టిగా ఉంచుకోవచ్చు. ఇది గాలి దగ్గర అక్కరకు వస్తుంది.

దిక్కు విషయంలోనూ మన ఆకాశం ఉదారమైనదే. ఉపగ్రహం పైకి వెళ్లేకొద్దీ, డిష్‌ను గొట్టం చుట్టూ తిప్పినప్పుడు దాని చూపు ఆకాశంలో జరిగే దూరం తగ్గుతుంది. 65 డిగ్రీల ఎత్తున డిష్‌ను ఐదు డిగ్రీలు పక్కకు తిప్పితే చూపు ఆకాశంలో జరిగేది రెండు డిగ్రీలే. లండన్‌లో అయితే నాలుగున్నర. 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు సుమారు మూడు డిగ్రీలు. అంటే ఇక్కడ గొట్టం మీద ఏడు డిగ్రీల మేర సిగ్నల్ దొరుకుతుంది. నాలుగు సెంటీమీటర్ల గొట్టం చుట్టుకొలత మీద ఏడు డిగ్రీలంటే రెండున్నర మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. పెన్సిల్ గీతలు రెండు గీసి చూస్తే అదెంతో కళ్లకు కడుతుంది. చిన్నదే కానీ చేత్తో పట్టుకోలేనంత చిన్నది కాదు. దిక్సూచి ఒకటి రెండు డిగ్రీలు తప్పు చూపినా ఇబ్బంది లేదు. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన ప్రాంతంలో తేడా రెండు డిగ్రీల లోపే. వ్యాను ఇనుము పక్కన నిలబడి ఫోనులో దిక్సూచి చూడకుండా ఉంటే చాలు. పది అడుగులు అవతలికి వెళ్లి ఆగ్నేయాన దూరంగా ఒక బండనో తుమ్మచెట్టునో గుర్తు పెట్టుకుని రావాలి.

ఎత్తు కోణంలో మాత్రం ఆ ఉదారత లేదు. అక్కడ డిగ్రీ తప్పితే ఆకాశంలోనూ డిగ్రీ తప్పినట్టే. డిష్ వెనక ఉన్న కొలబద్ద మీద 65 దగ్గర బిగించాం కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఆ కొలబద్ద గొట్టాన్ని ఆధారం చేసుకునే కొలుస్తుంది. గొట్టం నాలుగు డిగ్రీలు ఒరిగి ఉంటే కొలబద్ద చూపే 65 నిజానికి 61 కావచ్చు, 69 కావచ్చు. పైగా తిప్పేకొద్దీ అది మారిపోతుంటుంది. ఒరిగిన ద్వారబంధానికి బిగించిన తలుపు తెరుస్తుంటే దాని అంచు ఒకచోట పైకి లేచి మరోచోట గడపను రాసినట్టే, ఒరిగిన గొట్టం మీది డిష్ కూడా దిక్కుతో పాటు ఎత్తునూ మార్చుకుంటూ పోతుంది. అరగంట తిప్పినా సిగ్నల్ రాలేదనే ఫిర్యాదుల వెనక ఎక్కువగా ఉండేది ఇదే. అందుకే పానా పట్టుకోకముందే రసమట్టం తీయాలి. మేస్త్రీల దగ్గర ఉండే చిన్నది చాలు. గొట్టానికి ఆనించి ఒక పక్క చూసి, పావు చుట్టు పక్కకు జరిగి మళ్లీ చూడాలి. రెండు చోట్లా బుడగ నడుమ నిలిస్తేనే గొట్టం నిటారుగా ఉన్నట్టు. రసమట్టం లేకపోతే దారానికి బరువైన నట్టు కట్టి వేలాడదీసినా పని జరుగుతుంది, గాలి లేకుంటే.

కాళ్ల కింది నేల సంగతి. గండికోట అంచున నేలంతా రాయి. గుడారపు మేకులు దిగవు, కాళ్లు ఎగుడుదిగుడు బండల మీద ఆనతాయి. లోయ దిగి జమ్మలమడుగు వైపు పొలాల్లోకి వెళ్తే నల్లరేగడి. మధ్యాహ్నం గట్టిగా ఉన్నట్టే ఉండి, తడి తగిలితే ఒక కాలు కుంగుతుంది. కాళ్లు మీటరు ఎడంగా ఉన్న స్టాండుకు ఒక కాలు రెండు సెంటీమీటర్లు దిగితే గొట్టం డిగ్రీకి పైగా ఒరుగుతుంది. ఈ రెండు రకాల నేలకూ మందు చుట్టుపక్కలే దొరుకుతుంది: నాపరాయి ముక్కలు. అరచేతి వెడల్పున్న మూడు ముక్కలు వ్యానులో వేసుకుంటే మెత్తటి నేలలో కాళ్ల కింద పరచడానికీ, బండల మీద ఎత్తు సరిచేయడానికీ పనికొస్తాయి.

ఇక గాలి. సీమలో ఆషాఢపు గాలి ఎలా ఉంటుందో అనంతపురం వైపు గుట్టల మీది గాలిమరలను అడిగితే చెబుతాయి. గంటకు 60 కిలోమీటర్ల గాలి 60 సెంటీమీటర్ల డిష్‌కు పూర్తిగా ఎదురుగా తగిలితే ఆరు కిలోల బరువుతో నెట్టినంత బలం పడుతుంది. గాలి వేగం రెట్టింపైతే ఈ బలం నాలుగింతలవుతుంది. డిష్ నేలకు మీటరు ఎత్తున ఉందనుకుందాం. పడదోసే శక్తి, ఆరు కిలోలను నూరు సెంటీమీటర్లతో గుణిస్తే 600. నిలబెట్టే శక్తి, ఎనిమిది కిలోల స్టాండు బరువును నడుమ నుంచి కాళ్ల అంచుకు ఉండే 29 సెంటీమీటర్లతో గుణిస్తే 232. పడిపోతుంది. డిష్‌ను 60 సెంటీమీటర్లకు దించితే పడదోసేది 360కి తగ్గుతుంది కానీ ఇంకా గెలుస్తుంది. నడుమ 20 లీటర్ల నీళ్ల క్యాను కట్టితే నిలబెట్టేది 812 అవుతుంది. క్యాను గాల్లో ఊగితే అదే స్టాండును కదిలిస్తుంది. కాబట్టి తాడు బిగువుగా ఉండి, క్యాను అడుగు నేలను తాకీ తాకనట్టు ఉండాలి.

ఆషాఢంలో గాలి ఎక్కువగా పడమటి నుంచి వస్తుంది. ఉపగ్రహం ఆగ్నేయాన ఉంది. కాబట్టి డిష్‌ను వ్యానుకు తూర్పు పక్కన పెడితే వ్యానే గాలికి అడ్డుగోడ అవుతుంది, చూపుకు అడ్డం రాదు. విదేశీ సలహాల్లో వ్యానుకు దూరంగా పెట్టమని ఉంటుంది. ఇక్కడ వ్యాను చాటున పెట్టడమే మేలు.

కొత్తవారిని తికమకపెట్టేది డిష్ వాలు. 65 డిగ్రీలంటే బాగా పైకి చూడాలి కదా, ఇదేమిటి నలభై డిగ్రీలే చూస్తున్నట్టుంది అనిపిస్తుంది. మన ఇళ్ల మీది డిష్‌లు పెద్ద గిన్నె నడుమ నుంచి కాకుండా దాని ఒక పక్క నుంచి కోసినట్టుండే ముక్కలు. తరంగం పై నుంచి వాలుగా వచ్చి, ముందుకు చాచిన చెయ్యి చివర ఉండి సిగ్నల్‌ను అందుకునే ఎల్‌ఎన్‌బీ మీదికి పరావర్తనం చెందుతుంది. అలా చేయడం వల్ల ఎల్‌ఎన్‌బీ తన నీడతో డిష్‌కు అడ్డం రాదు. డిష్ ముఖం చూసే కోణం అసలు కోణం కంటే ఇరవై నుంచి ఇరవై ఐదు డిగ్రీలు తక్కువగా కనిపిస్తుంది. కొలబద్ద ఆ తేడాను ముందే కలుపుకుని ఉంటుంది. కంటిని కాదు, కొలబద్దను నమ్మాలి.

ఇంత చిన్న డిష్ ఎలా చాలుతోందన్న ప్రశ్నకు జవాబు పాతకాలం ప్రయోగంలో కనిపిస్తుంది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఇస్రో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ చూపించింది. తెలుగు కార్యక్రమాలూ వచ్చాయి. పల్లెల్లో పెట్టిన యాంటెన్నాలు మూడు మీటర్ల వెడల్పున్నవి, కోళ్ల గూళ్లకు వాడే జాలీతో చేసినవి. అప్పటి ప్రసార తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. అంత పొడవు తరంగానికి జాలీ రంధ్రాలు లెక్కలోకి రావు, అద్దంలాగే తిప్పి పంపుతుంది. ఇప్పటి తరంగం రెండున్నర సెంటీమీటర్లు. తరంగం పొట్టిదైతే చిన్న డిష్ కూడా చూపును ఇరుగ్గా చేయగలదు. అయితే ఉపరితలం నునుపుగా ఉండాలి. రెండు మిల్లీమీటర్ల సొట్ట కూడా సిగ్నల్‌ను తింటుంది. ఇంటి మీది డిష్‌కు ఈ బెడద తక్కువ. కుర్చీలు, గ్యాస్ పొయ్యి, సామాన్ల మధ్య ప్రయాణించే డిష్‌కు ఎక్కువ. పాత దుప్పటి చుట్టి, అన్నిటికంటే పైన పెట్టాలి.

వెతకడంలో తొందర పనికిరాదు. సెట్‌టాప్ బాక్స్ తెర మీద రెండు పట్టీలుంటాయి. మొదటిది సిగ్నల్ బలం. అది ఆకాశపు రొద విన్నా, పక్క ఉపగ్రహం విన్నా కదులుతుంది. రెండోది నాణ్యత. కావలసిన ప్రసారం అర్థమైతేనే అది లేస్తుంది. ఆ అర్థం కావడానికి బాక్సుకు రెండు మూడు సెకన్లు పడుతుంది. డిష్‌ను జరజరా తిప్పేవారు సరైన చోటును దాటిపోయాక పట్టీ లేచి పడిపోవడం చూసి తల పట్టుకుంటారు. వేలి వెడల్పు కూడా కాదు, గోటి మందం కదిపి ఆగాలి. తూర్పు నుంచి దక్షిణానికి ఒకసారి, దొరక్కపోతే ఎత్తు ఒక డిగ్రీ మార్చి మరోసారి. దొరికాక ఎల్‌ఎన్‌బీని దాని పట్టీలో కొద్దికొద్దిగా తిప్పి చూడాలి. ఉపగ్రహం మనకు నేరు దక్షిణాన లేదు కాబట్టి దాని నిలువూ మన నిలువూ ఒకటి కావు. నిలువుగా ఊగే తరంగం మన దగ్గరికి ఓరగా వస్తుంది. ఆ ఓరకు ఎల్‌ఎన్‌బీ కుదిరినప్పుడు నాణ్యత ఇంకాస్త లేస్తుంది.

కేబుల్ ఒక్క సిగ్నల్‌నే కాదు, ఎల్‌ఎన్‌బీకి కరెంటునూ మోస్తుంది. 13 వోల్టులు పంపితే నిలువు తరంగాలు, 18 పంపితే అడ్డ తరంగాలు. కొన్ని చానళ్లు వచ్చి కొన్ని రాకపోతే డిష్‌ను కదపకుండా ముందు కేబుల్ చివర్లు చూడాలి.

వాన అడ్డు తగిలేది ఉరుముల మబ్బు మన నెత్తిన గానీ, కాస్త ఆగ్నేయాన గానీ నిలిచినప్పుడే. అనంతపురంలాంటి చోట ఆ ఫిర్యాదు చేయడం పాపం.

ఏడాదికి రెండుసార్లు మాత్రం నిర్మలాకాశంలోనే బొమ్మ పోతుంది. మార్చి 13 చుట్టూ కొన్ని రోజులు, సెప్టెంబరు 29 చుట్టూ కొన్ని రోజులు, మన ప్రాంతం నుంచి చూస్తే సూర్యుడు సరిగ్గా జీశాట్-15 వెనక్కి వస్తాడు. మార్చిలో ఉదయం పదకొండుంబావు ప్రాంతంలో, సెప్టెంబరులో పదకొండుకు కాస్త ముందు. సూర్యుడి రేడియో రొదలో ఉపగ్రహం గొంతు మునిగిపోయి నాణ్యత పట్టీ సున్నాకు పడుతుంది. గరిష్ఠంగా పది పన్నెండు నిమిషాలు. అప్పుడు బోల్టులు వదులు చేస్తే పొద్దుటి నుంచి కుదుర్చుకున్నదంతా పోతుంది. డిష్ ముందు నిలబడి నీడ చూడటం మేలు. గురి సరిగా ఉంటే ఎల్‌ఎన్‌బీ నీడ డిష్ కింది అంచుకు నడిమధ్యన పడుతుంది. ఎడమకో కుడికో జరిగి ఉంటే, సిగ్నల్ తిరిగి వచ్చాక ఎటు కదపాలో సూర్యుడే చూపించినట్టు.