అండాశయం ఆపరేషన్ తర్వాత నొప్పి: ఎంతవరకు ఓర్చుకోవాలి, ఎప్పుడు చెప్పాలి

"ఆపరేషన్ అన్నాక నొప్పి ఉండదా? కాస్త ఓర్చుకోవాలమ్మా." బెంగళూరులో అండాశయంలోని సిస్ట్ (తిత్తి) తీయించుకుని హిందూపురమో, మదనపల్లో, అనంతపురమో వెళ్లిపోయిన ఆడవాళ్లకు ఇంట్లో ముందుగా వినిపించే మాట ఇది. ప్రేమతోనే అంటారు. కానీ మా ఓపీకి ఆలస్యంగా, ముదిరిపోయాక వచ్చేవాళ్లలో చాలామంది ఈ మాట విని ఆగినవాళ్లే. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: నొప్పి ఎంత ఉన్నా, ఎన్నాళ్లున్నా మామూలే

వాస్తవం: నొప్పి ఉండటం మామూలే, కానీ అది రోజురోజుకీ తగ్గాలి. ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్) అయితే మొదటి రెండు మూడు రోజులు కుట్ల దగ్గర నొప్పి, పొట్ట ఉబ్బరం, భుజం పీకుడు ఉంటాయి. భుజం నొప్పి గుండెపోటేమోనని వణికిపోతూ అర్ధరాత్రి ఫోన్ చేసేవాళ్లున్నారు. వాళ్ల భయంలో తప్పేమీ లేదు. ఆపరేషన్ కోసం పొట్టలోకి నింపిన కార్బన్ డయాక్సైడ్ కొంత లోపలే మిగిలి డయాఫ్రమ్‌ను (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరాన్ని) రేపుతుంది. డయాఫ్రమ్ నరమూ, భుజం చర్మానికి వెళ్లే నరాలూ మెడ దగ్గర వెన్నుపాములో ఒకే చోట నుంచి బయల్దేరతాయి కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుంది. లేచి ఇంట్లోనే అటూ ఇటూ నడుస్తుంటే రెండు మూడు రోజుల్లో పోతుంది. దాంతోపాటు ఆయాసం, ఛాతీలో నొప్పి ఉంటే మాత్రం ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

వారం పది రోజులకల్లా పారాసిటమాల్‌తో సరిపోవాలి. రెండు మూడు వారాలకు మామూలు పనుల్లో పడొచ్చు. పొట్ట కోసి చేసిన ఓపెన్ ఆపరేషన్ అయితే ఆరు వారాలు పడుతుంది.

తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరిగిందంటే అది ఓర్చుకునే నొప్పి కాదు. మూడో రోజు బాగానే ఉండి, ఐదో రోజు పొట్ట బిగుసుకుపోయి, వాంతులై, గ్యాస్ కూడా పోవడం లేదంటే పేగుకు దెబ్బ తగిలి ఉండొచ్చు. కాటరీ (రక్తం ఆపడానికి, కోయడానికి వాడే కరెంటు పరికరం) వేడికి పేగు మీద చిన్న చోట కాలితే ఆ రోజు ఏమీ కనిపించదు, కొన్ని రోజులకు అక్కడ చిల్లు పడుతుంది. ఒకవైపు నడుం పక్క నొప్పి, జ్వరం ఉంటే మూత్రనాళానికి దెబ్బ తగిలిందేమోనని అనుమానించాలి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి. కుట్ల చుట్టూ ఎర్రబడటం, చీము, 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం, మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు చెప్పాలి. జ్వరం చూసేటప్పుడు పారాసిటమాల్ వేసుకోకముందే థర్మామీటర్ పెట్టండి. మాత్ర వేసుకున్న గంటకు చూస్తే ఉన్న జ్వరం కూడా లేనట్టే ఉంటుంది.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్, దాంతో ఓ యాంటీబయాటిక్ వేయించుకుని రెండు రోజులు గడిపేయడం చాలా ప్రమాదం. నొప్పీ జ్వరమూ అణిగిపోతాయి, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మళ్లీ నాలుగు గంటలు బస్సెక్కాలా అని ఆలోచించకండి, ముందు ఆపరేషన్ చేసిన చోటికి ఫోన్ చేయండి. రమ్మంటే వెళ్లండి, దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లమంటే డిశ్చార్జ్ సమ్మరీ పట్టుకుని అక్కడికే వెళ్లండి.

ఇక నెలల తరబడి ఉండే నొప్పి. మూడు నెలలు దాటినా పోని నొప్పిని వైద్యంలో దీర్ఘకాలిక నొప్పి కిందే లెక్కేస్తారు, దానికి కారణం వెతకాలి. "స్కాన్ నార్మల్, ఇంకేం లేదు" అని పంపేస్తే సరిపోదు. పేగులు, గర్భసంచి అతుక్కుపోవడం గానీ, నరం కుట్టులో ఇరుక్కోవడం గానీ మామూలు అల్ట్రాసౌండ్‌లో సాధారణంగా కనిపించవు. మిగిలిపోయిన ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు), దానివల్ల అండాశయంలో మళ్లీ వచ్చిన చాక్లెట్ సిస్ట్ (పాత రక్తం నిండిన తిత్తి), కటి కండరాలు పట్టేయడం కూడా కారణాలే. నొప్పి కుట్టు దగ్గర ఒకే చోట ఉంటే మేం చేసే చిన్న పరీక్ష ఒకటుంది. వెల్లకిలా పడుకోబెట్టి, నొప్పి ఉన్న చోట వేలితో నొక్కి పట్టుకుని, తల మాత్రం పైకెత్తమంటాం. పొట్ట కండరం బిగిసినప్పుడు నొప్పి పెరిగితే అది లోపలిది కాకపోవచ్చు, పొట్ట గోడలోని నరానిదో కండరానిదో అయ్యుండొచ్చు. అక్కడ మత్తుమందు ఇంజెక్షన్ ఇస్తే నొప్పి తగ్గుతుంది, కారణం అదేనని తేలుతుంది కూడా.

ఇవన్నీ తేలాలంటే మీరు నోరు విప్పాలి. రివ్యూకి వచ్చినప్పుడు ఎలా ఉందని అడిగితే పక్కనున్న భర్త "బాగానే ఉంది మేడం" అనేస్తాడు, ఆవిడ తలూపుతుంది. డాక్టరు కన్నడమో ఇంగ్లిషో మాట్లాడుతుంటే సిగ్గు ఇంకా ఎక్కువ. బెంగళూరులో తెలుగొచ్చిన నర్సులు చాలా ఆసుపత్రుల్లో ఉంటారు, పిలవమని అడగండి. ఒంటరిగా మాట్లాడాలి అని చెప్పే హక్కు మీకుంది. వచ్చే ముందు ఒక కాగితం మీద రాసుకోండి: నొప్పి ఒక్క వేలితో చూపిస్తే ఎక్కడ, పదికి ఎంత, ఎప్పుడు పెరుగుతుంది (మూత్రానికి, మోషన్‌కి, నెలసరికి, కలయికలో), ఏ మాత్రలు వేసుకున్నారు, వాటితో తగ్గిందా లేదా, రాత్రి నిద్ర లేపుతోందా. "ఒళ్లంతా ఏదోలా ఉంది" అంటే పది నిమిషాల ఓపీలో మాకేమీ అంతుపట్టదు. "కుడివైపు కుట్టుకి రెండు వేళ్ల కింద, మోషన్‌కి వెళ్లినప్పుడు ఏడు" అంటే పని సగం అయిపోయినట్టే.

ఆపరేషన్ నోట్స్ కూడా అడగండి. లోపల ఏం కనిపించింది, ఏం తీశారు, ఏం వదిలేశారు అనేది అందులోనే ఉంటుంది. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మన దేశ వైద్య నియమాలు చెబుతున్నాయి. ఒక డాక్టరు పట్టించుకోకపోతే ఆ ఫైలుతో మరొకరి దగ్గరికి వెళ్లడం నమ్మకద్రోహం కాదు.

అపోహ: ఒళ్లు మండటం, చెమటలు, చిరాకు వయసు వల్ల వస్తాయి, వాటికి మందు లేదు

వాస్తవం: రెండు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. కొద్ది రోజుల్లోనే వేడి ఆవిర్లు, నిద్రలేమి, కీళ్ల నొప్పులు, యోని పొడిబారడం మొదలవుతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. చిన్న వయసులోనే గర్భసంచితో పాటు అండాశయాలూ తీయించుకున్నవాళ్లు, తీసిన సంగతే తెలియనివాళ్లు మాకు కనిపిస్తూనే ఉంటారు. 45 ఏళ్లలోపు రెండూ తీసేస్తే, రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకులు లేనివాళ్లకు 50 దాకా హార్మోన్ మందులు ఇవ్వడం పద్ధతి. అవి ఆవిర్లను తగ్గించడంతో పాటు ఎముకలనూ కాపాడతాయి. గర్భసంచి ఉంటే ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టిరాన్ కూడా కావాలి. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ గురించి అడగండి.

మిగతావి గబగబా. పప్పు తింటే చీము పడుతుందన్నది నిజం కాదు, పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి, పెరుగు కూడా తినండి. నీళ్లు తక్కువ తాగితే మలబద్ధకమే మిగులుతుంది. ఒక అండాశయం తీసేసినా రెండోది బాగుంటే నెలసరి వస్తుంది, గర్భమూ వస్తుంది. భయంతో సొంతంగా సీఏ 125 (అండాశయ క్యాన్సర్ అనుమానంలో చేసే రక్తపరీక్ష) చేయించుకోకండి, ఆపరేషన్ వల్లే అది కొన్ని వారాలు పెరిగి ఉండొచ్చు. రోజంతా మంచం మీదే ఉంటే కాళ్లలో రక్తం గడ్డలు కడతాయి, నడవాలి. బరువులు మాత్రం నాలుగైదు కిలోలు దాటొద్దు. నీళ్ల క్యాన్ 20 కిలోలు, గ్యాస్ బండ నిండుగా ఉంటే 30 దాకా ఉంటుంది, వాటి జోలికి వెళ్లకండి.

తీసిన సిస్ట్‌ను బయాప్సీకి పంపుతారు. ఆ రిపోర్ట్ తీసుకోకుండా ఊరెళ్లిపోయేవాళ్లు చాలామంది. రిపోర్ట్ రావడానికి వారం, పది రోజులు పడుతుంది. కొరియర్‌లో గానీ వాట్సాప్‌లో గానీ తెప్పించుకుని, దాన్ని చదివి చెప్పమని మీ డాక్టర్‌నే అడగండి.