ఖర్జూరంలో నీటి లెక్క

ఇఫ్తార్ సాయంత్రం ఆరున్నరకు. నేను పొద్దున పదకొండింటికల్లా 60 ఖర్జూరాలు నింపి, పళ్లెంలో వరసగా పేర్చి, ఫ్రిజ్‌లో పెట్టేసి, ఇక టెన్షన్ లేదనుకున్నాను. సగం తీపివి: కొంచెం కోవా, దాని మీద నేతిలో వేయించిన జీడిపప్పు పలుకులు. సగం కారంవి: చిదిమిన పనీర్‌లో ఉప్పు, మిరియాల పొడి, సన్నగా తరిగిన పచ్చిమిర్చి కలిపి కూరినవి. మా అపార్ట్‌మెంట్‌లో రంజాన్ నెలలో ఒక రోజు అందరం కలిసి ఇఫ్తార్ పెట్టుకుంటాం. ఖర్జూరాల పళ్లెం ఆ ఏడు నా వంతుకొచ్చింది.

సాయంత్రం పళ్లెం బయటికి తీస్తే పనీర్ ఖర్జూరాల కింద నీళ్లు చేరి ఉన్నాయి. తీపివి చూడ్డానికి బాగానే ఉన్నాయి. కింది ఫ్లోర్ ఖాలా ఒకటి నోట్లో వేసుకుని, నిదానంగా నమిలి, "ఎప్పుడు నింపినవ్ బేటా?" అన్నారు.

"పొద్దున్నే ఖాలా."

"అందుకే. కాజు నానిపోయింది. నమిలితే కరకర అనాలె. ఇది అజాన్‌కు ముంగట కూర్చొని నింపే పని, పొద్దున చేసి పెట్టేది కాదు."

ఒకే ఫ్రిజ్, ఒకే పళ్లెం. ఒకవైపు పనీర్ నీళ్లు వదిలేసింది, ఇంకోవైపు జీడిపప్పు నీళ్లు పీల్చుకుంది. ఎందుకిలా అని వెనక్కి వెళ్లి చూస్తే, లెక్కంతా ఖర్జూరం పండే తీరు దగ్గరే మొదలవుతోంది.

వానాకాలం మొదలయ్యే రోజుల్లో తోపుడుబండ్ల మీద పసుపుపచ్చ, ఎర్ర రంగు పచ్చి ఖర్జూరాల గెలలు కనిపిస్తాయి. గుజరాత్‌లోని కచ్ నుంచి ఎక్కువగా వస్తాయి. కొరికితే జామకాయలా కరకరలాడతాయి. రకాన్ని బట్టి కొన్ని తియ్యగానే ఉంటాయి, కొన్ని మాత్రం నాలుకను పట్టేసేంత వగరు. అరబ్బులు ఈ దశను ఖలాల్ అంటారు. అసలు ఈ పండు ఎదుగుదలకు వాళ్లు నాలుగు పేర్లు పెట్టారు. ఆకుపచ్చ పిందె కిమ్రీ, రంగు తిరిగిన గట్టి కాయ ఖలాల్, మెత్తబడిన పండు రుతబ్, చెట్టు మీదే ఎండి ముడతలు పడ్డది తమర్. వృక్షశాస్త్రవేత్తలు కూడా ఈ పేర్లనే వాడుకుంటారు. ఉపవాసం విడిచేటప్పుడు రుతబ్ ఉంటే రుతబ్, లేకపోతే తమర్, అదీ లేకపోతే నీళ్లు అనే సంప్రదాయంలోనూ ఈ దశల తేడా కనిపిస్తుంది.

ఖలాల్‌లో సగానికి పైగా నీరే. తమర్‌కు వచ్చేసరికి 20 శాతం చుట్టుపక్కలకు దిగుతుంది. నీరు తగ్గుతూ ఉండగానే లోపల మరో రెండు పనులు జరుగుతాయి. మొదటిది వగరు పోవడం. వగరుకు కారణం టానిన్లు. అవి మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టి గడ్డకట్టిస్తాయి కాబట్టి నోరు గరుకుగా పొడిబారినట్టు అనిపిస్తుంది. పండు మెత్తబడే కొద్దీ ఆ టానిన్లు నీటిలో కరగని రూపంలోకి మారిపోతాయి. పండులోనే ఉంటాయి గానీ నాలుకకు తగలవు. రెండోది చక్కెర విరగడం. పచ్చిగా ఉన్నప్పుడు ఎక్కువగా సుక్రోజ్, అంటే మన పంచదారే ఉంటుంది. ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. మెడ్జూల్ లాంటి మెత్తటి రకాల్లో ఈ పని దాదాపు పూర్తవుతుంది. డెగ్లెట్ నూర్ లాంటి కాస్త గట్టి రకాల్లో సుక్రోజ్ చాలావరకు అలాగే మిగులుతుంది. మనం ఎండు ఖర్జూరం అనే గట్టికాయ వేరే సంగతి. అది నింపడానికి పనికిరాదు, నానబెట్టుకు తినాల్సిందే.

మన ఈతపండు కూడా ఈ కుటుంబందే. ఈతచెట్టు, ఖర్జూరపు చెట్టు రెండూ ఫీనిక్స్ ప్రజాతికి చెందినవే, అక్కాచెల్లెళ్ల లాంటివి. ఈతపండుకు గింజే పెద్దది, గుజ్జు పొరలా ఉంటుంది. నింపడానికి చోటెక్కడ?

మళ్లీ నీటి దగ్గరకు వద్దాం. 20 శాతం నీరున్న పండు నెలల తరబడి బయట పెట్టినా ఎందుకు పాడవదు? తేనెలోనూ దాదాపు అంతే నీరుంది, అదీ పాడవదు. నీరు ఉండటం వేరు, అది చేతికి అందడం వేరు. ఖర్జూరం బరువులో మూడింట రెండు వంతులు చక్కెరే. ఆ చక్కెర అణువులు నీటి అణువుల్ని గట్టిగా పట్టుకుని కూర్చుంటాయి. బ్యాక్టీరియాకు తాగడానికి చుక్క దొరకదు. ఇలా స్వేచ్ఛగా దొరికే నీటికి శాస్త్రవేత్తలు ఒక కొలత పెట్టారు, వాటర్ యాక్టివిటీ అంటారు. స్వచ్ఛమైన నీటికి 1. పనీర్ దాదాపు దాని పక్కనే, 0.97 పైన. తమర్ ఖర్జూరం 0.6, 0.7 మధ్య. వేయించిన జీడిపప్పు వాటన్నింటికీ చాలా కింద. చాలా రకాల బ్యాక్టీరియా 0.9 దిగువన పెరగలేవు. 0.6 కంటే కిందికి పోతే బూజు కూడా పట్టదు. మన వడియాలు, అప్పడాలు డబ్బాలో ఏడాది నిలవ ఉండేది ఈ లెక్క మీదే.

నీరు ఎప్పుడూ ఈ అంకె ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకు ప్రయాణిస్తుంది. ఎవరి దగ్గర ఎంత శాతం నీరుందన్నది దానికి అనవసరం. నా పళ్లెంలో జరిగింది అదే. కోవా నుంచీ ఖర్జూరం నుంచీ జీడిపప్పుకు నీరు పాకింది. వేయించిన అప్పడం వానాకాలంలో పది నిమిషాలు బయట ఉంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. జీడిపప్పుకు కొన్ని గంటలు పట్టింది, అంతే తేడా. అటు పనీర్ నుంచి ఖర్జూరపు గుజ్జులోకి నీరు లాగబడింది. పైగా నేను పనీర్‌లో పొద్దున్నే ఉప్పు కలిపాను. దోసకాయ ముక్కలకు ఉప్పు రాసి పక్కన పెడితే నీరు ఊరినట్టే అది కూడా ఊరింది. గుజ్జు పీల్చుకోగలిగినంత పీల్చుకుని, మిగిలింది పళ్లెంలోకి వదిలేసింది.

మరి ముందే చేసి పెట్టుకోవడం అసాధ్యమా? కాదు. మొరాకోలో బాదంపప్పు, చక్కెర నూరి ముద్ద చేసి ఖర్జూరాల్లో పెడతారు. ఆ ముద్దలో చక్కెర ఎక్కువ, నీరు తక్కువ. అంకె ఖర్జూరానికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి నీటికి ప్రయాణించాల్సిన అవసరం పెద్దగా ఉండదు. ఇంటికి గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు తెచ్చే డబ్బాల్లో పొట్టు తీయని బాదం మొత్తం గింజ పెట్టిన ఖర్జూరాలు ఉంటాయి. ముక్కలకంటే పూర్తి గింజకు బయటికి కనిపించే వైశాల్యం తక్కువ, పీల్చడమూ నెమ్మది. నేను పలుకులు చేసి చెడగొట్టుకున్నాను. ఇంకో దారి కొవ్వుతో అడ్డుకట్ట వేయడం. కోన్ ఐస్‌క్రీమ్ లోపలి గోడకు చాక్లెట్ పూత ఉంటుంది గుర్తుందా? అది రుచి కోసమే అనుకుంటాం. అసలు పని ఐస్‌క్రీమ్ తడి బిస్కెట్‌కు తగలకుండా ఆపడం. జీడిపప్పును కరిగించిన చాక్లెట్‌లో ముంచి ఆరబెట్టి పెడితే మర్నాటికీ కరకరలాడుతుంది. పల్లీలు నూరిన వెన్నలాంటి ముద్ద మధ్యలో పెట్టినా కొంత మేలే, ఎందుకంటే అందులో నూనె ఎక్కువ, నీరు దాదాపు లేదు.

పనీర్‌కు, వడకట్టిన పెరుగుకు మాత్రం అడ్డదారి లేదు. అప్పటికప్పుడు నింపాల్సిందే. ఇది రుచికోసమే చెబుతున్న మాట కాదు. ఖర్జూరం తనంతట తాను క్షేమమైన పండు. దానిలో పనీర్ పెట్టగానే ఆ క్షేమం పనీర్‌కు అంటదు. పాల పదార్థాలు గది వేడిలో 2 గంటలకు మించి ఉండకూడదని, 32 డిగ్రీలు దాటిన ఎండలో అయితే 1 గంటేనని ఆహార భద్రత నిపుణుల లెక్క. హైదరాబాద్‌లో వేసవిలో పడే రంజాన్‌కు రెండో అంకె గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు కారం సంగతి. తియ్యటి పండులో ఉప్పూ మిరియాలూ ఏమిటని మా ఇంట్లోనే ముక్కు విరిచారు. గోదావరి జిల్లాల్లో బెల్లం ఆవకాయ లొట్టలేసుకుంటూ తినే ఇంట్లో ఈ మాట! నిజానికి ఈ కలయిక మనం ఊహించినదానికంటే చాలా పాతది. అపీసియస్ పేరుతో నిలిచిన రోమన్ల వంటల సంకలనంలో ఖర్జూరాలతో చేసే ఇంటి మిఠాయి ఒకటుంది. గింజ తీసి, లోపల పప్పులు గానీ పైన్ గింజలు గానీ నూరిన మిరియాలు గానీ కూరి, బయట ఉప్పు అద్ది, కాచిన తేనెలో వేయించమంటుంది. ఆ మిరియాలు ఓడలెక్కి వెళ్లింది కేరళ తీరం నుంచే.

ఉప్పు తీపిని పెంచుతుందంటారు. ఎలా? 1997లో పాల్ బ్రెస్లిన్, గ్యారీ బోషాంప్ అనే శాస్త్రవేత్తలు అమెరికాలో చేసిన ప్రయోగం ఒకటి నాకు చాలా ఇష్టం. చేదుగా ఉండే యూరియా, తియ్యటి సుక్రోజ్ కలిపిన నీటిలో సోడియం అసిటేట్ అనే లవణం కలిపి రుచి చూపించారు. అది పెద్ద ఉప్పగా ఉండదు. తాగినవాళ్లకు చేదు తగ్గింది, తీపి పెరిగింది. లవణం తీపిని నేరుగా పెంచలేదు, తీపిని అణిచిపెడుతున్న చేదును తొక్కేసింది. ఖర్జూరపు తొక్కలో, ముదురు రంగు గుజ్జులో సన్నటి చేదు, వగరు ఉంటాయి. చిటికెడు ఉప్పు వాటిని వెనక్కి నెడుతుంది. కాకపోతే ఆ ఉప్పు లోపల కలపకుండా చివర్లో పైన చల్లితే మంచిది. పలుకులుగా ఉన్న ఉప్పు నాలుకకు ముందు తగులుతుంది, తక్కువతో పని అవుతుంది, పనీరూ నీరు కారదు.

ఉప్పుకంటే ముందు చూడాల్సింది పులుపు అని నా అభిప్రాయం. ఖర్జూరంలో ఆమ్లం చాలా తక్కువ. మామిడి, కమలా, ద్రాక్ష దేనిలోనైనా తీపి వెనక పులుపు ఉంటుంది, ఇందులో లేదు. అందుకే రెండు తినగానే మొహం మొత్తుతుంది. చింతపండు వేయని పప్పుచారులాంటిదన్నమాట. వడకట్టిన పెరుగు, నిమ్మతొక్క తురుము ఈ లోటు తీరుస్తాయి. కోవా తీర్చలేదు. తీపిలో తీపి పెట్టిన నా మొదటి పళ్లెంలో అది రెండో తప్పు.

ఏ రకం కొనాలి? మన బజార్లో నల్లటి డబ్బాల్లో వచ్చే కిమియా చాలా రుచి, కానీ గింజ తీయబోతే చేతిలో ముద్దవుతుంది. అదే కావాలంటే ముందు ఫ్రిజ్‌లో చల్లబరచి కోయాలి. ఫ్రీజర్‌లో పెట్టినా పర్లేదు, చక్కెర వల్ల రాయిలా గడ్డకట్టదు. కల్మీ రకం అలా ముద్దవకుండా నిలబడుతుంది. డబ్బు పెట్టగలిగితే మెడ్జూల్. ఒక్కోటీ గింజ తీశాక కూడా సుమారు 24 గ్రాములు తూగుతుంది. అంటే అందులో 16 గ్రాముల చక్కెర, షుగర్ ఉన్నవాళ్లు ఈ అంకె చూసుకోవాలి. ఈ రకానికి పెద్ద కథే ఉంది. మొరాకోలో బయూద్ అనే శిలీంధ్ర రోగం ఖర్జూరపు తోటల్ని తుడిచిపెడుతున్న రోజుల్లో, 1927లో వాల్టర్ స్వింగిల్ అనే అమెరికా వృక్షశాస్త్రవేత్త రోగం లేని చెట్టు పిలకలు 11 తీసుకెళ్లాడు. వాటిని రోగం అంటకుండా నెవాడా ఎడారిలో విడిగా పెంచారు. బతికినవి 9. కాలిఫోర్నియా మెడ్జూల్ తోటలకు మూలం ఆ తొమ్మిదే.

కోసేటప్పుడు చాకుకు కాస్త నూనె రాసి, ఒకవైపే నిలువుగా గాటు పెట్టాలి, రెండో వైపు తెగకూడదు. గింజ తీశాక దాన్ని చుట్టి ఉన్న కాగితంలాంటి తెల్లటి పొర కనిపిస్తుంది, అదీ లాగేయాలి. లోపల వెలుతురులో చూడటం మర్చిపోవద్దు. నల్లటి మసిపొడిలాంటిది కనిపిస్తే అది ఆస్పర్జిల్లస్ నైగర్ అనే బూజు, పారేయండి. అప్పుడప్పుడు పురుగూ ఉంటుంది. తొక్క మీద తెల్లటి చుక్కలు మాత్రం చాలాసార్లు బూజు కాదు, బయటికొచ్చి గడ్డకట్టిన చక్కెర. వేలితో రుద్దితే గరుకుగా తగులుతుంది, కాస్త వెచ్చబెడితే కరిగిపోతుంది.

వెచ్చగా వడ్డించాలనిపిస్తే పెనం మీద నేతి చుక్కతో సన్నసెగన ఒక్క నిమిషం చాలు. ఫ్రక్టోజ్ 110 డిగ్రీల దగ్గరే మాడటం మొదలుపెడుతుంది. పంచదారకు 160 దాకా ఓపిక ఉంటుంది. మెత్తటి ఖర్జూరాలు కళ్లముందే నల్లబడి చేదెక్కేది అందుకే.

మరుసటి ఏడు పళ్లెం అడిగి మరీ తీసుకున్నాను. పొద్దున ఖర్జూరాలు కోసి, గింజలు తీసి డబ్బాలో పెట్టాను. జీడిపప్పు వేయించి గాలి చొరని సీసాలో వేశాను. వడకట్టిన పెరుగులో కరివేపాకు, మిరియాలు కలిపి ఉప్పు లేకుండా ఫ్రిజ్‌లో ఉంచాను. అజాన్‌కు పావుగంట ముందు మేడ మీద చాప పరుచుకుని నేనూ, ఖాలా, వాళ్ల మనవరాలు కూర్చుని నింపాం. చివర్లో ఉప్పు చల్లే పని ఆ పిల్లది. కొన్నింటి మీద రెండుసార్లు చల్లింది. అవి ఎవరికి వెళ్లాయో మొహాలు చూస్తే తెలిసిపోయింది.