గోపాలరావు మంచివాడని రాసి ఊరుకోకండి

చిరంజీవులకు,

నాగర్‌కర్నూల్ నుంచి మీ పెద్దమ్మ దీవెనలు. గురజాడ 'దిద్దుబాటు' కథ మీద మీరిద్దరూ రాసి వాట్సాప్‌లో పంపిన వ్యాసాలు చదివాను. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తారు. అందుకే ఉత్తరం.

ఇద్దరూ పాత్రలు, వస్తువు, శిల్పం అని మూడు హెడ్డింగులు పెట్టారు. గోపాలరావు సంస్కారవంతుడు, అతని భార్య కమలిని ఆదర్శ గృహిణి, శైలి సరళం, కథ సమాజానికి అద్దం పడుతుంది. ఇది ఏ గైడులోదో నాకు తెలుసు. మార్కులు పడతాయి, కాదనను. కానీ పేర్లు మార్చి ఈ నాలుగు ముక్కల్నీ ఇంకో కథకు అతికించినా అతుక్కుంటాయి. అలాంటప్పుడు మీరు ఈ కథ గురించి ఏం చెప్పినట్టు?

'దిద్దుబాటు' 1910లో ఆంధ్రభారతి పత్రికలో వచ్చింది. (తెలుగులో మొదటి కథ ఇదా, 1902లో భండారు అచ్చమాంబ రాసిన 'ధనత్రయోదశి'యా అన్న పంచాయితీ ఉంది. నేను అచ్చమాంబ వైపే. దాన్ని ఇప్పుడు తెరవను.) అనగనగా అని మొదలుకాదు ఈ కథ. అర్ధరాత్రి దాటాక ఒకాయన తలుపు తలుపు అని పిలుస్తుంటాడు. ఆయన పేరేంటో, ఎక్కడి నుంచి వస్తున్నాడో మనకింకా తెలియదు. లోపల గడియారం ఒంటిగంట కొడుతుంది. ఆలస్యమైందని తనను తాను తిట్టుకుని, రేపటి నుంచి జాగ్రత్తగా ఉంటానని అనుకుంటాడు. భోగం మేళాలకు వ్యతిరేకి అయిన మనిషే పాట వింటూ అక్కడ చిక్కుకుపోయాడని ఆ అనుకోవడంలోనే బయటపడుతుంది.

మీరు పాత్ర చిత్రణ అంటున్నది ఇక్కడే ఉంది. పట్టుకుని అడిగేవాళ్లు ఎదురుగా ఒక్కరూ లేరు. అయినా సంజాయిషీ మొదలైపోయింది, దిద్దుకోవడం రేపటికి వాయిదా పడింది. ఇలాంటి మనుషులు మన చుట్టాల్లోనూ ఉన్నారు, పేర్లెందుకులే. 'సంస్కారవంతుడు' అన్న మాటలో ఈ మనిషి పట్టడు. 'చెడ్డవాడు' అన్నా పట్టడు.

తర్వాత నౌకరు రాముడి సంగతి చూడండి. భార్య కనిపించక ఆ కోపంలో గోపాలరావు వాణ్ణి కొడతాడు. వెంటనే మనసు కరిగి, చేత్తో లేవనెత్తి వీపు నిమురుతాడు. తమ్ముడు దీన్ని 'దయాగుణం' కింద రాశాడు. నిమిరింది నిజమే, అంతకుముందు కొట్టిందీ ఆ చెయ్యే కదా నాయినా! అదే రాముడికి కాసేపయ్యాక చదువుకున్న ఆడదాని గొప్పతనం గురించి ఉపన్యాసమిస్తాడు. ఆ చదువుకున్న ఆవిడేమో ఇన్ని రాత్రులూ ఇంట్లో ఒంటరిగా కూర్చుంది. గురజాడ ఎక్కడా 'చూశారా ఇతని ద్వంద్వం' అనడు. రెండు పనుల్నీ పక్కపక్కన పెట్టి తప్పుకుంటాడు, కలుపుకోవడం మన పని. పాత్ర గురించి రాసేటప్పుడు ముందు విశేషణం వెతక్కండి. ఆ మనిషి చేసిన ఒక పని పట్టుకుని, దానికి పడని ఇంకో పని కథలో ఉందేమో చూడండి.

శిల్పం అనగానే మీకు ఉపమానాలు, సామెతలు గుర్తొస్తాయి. నేను మొదట చూసేది కథను ఎవరి పక్కన నిలబడి చెబుతున్నారన్నది. ఇక్కడ కథకుడు మొదటి నుంచీ గోపాలరావు వెంటే తిరుగుతాడు. అతనికి తెలియనిది మనకూ తెలియదు. కమలిని రాసిపెట్టిన ఉత్తరం దొరికితే అతనితో పాటే చదువుతాం, ఆవిడ పుట్టింటికి పోయిందనే నమ్ముతాం. చివర మంచం కింద నుంచి నవ్వు, నగల చప్పుడు వినిపించినప్పుడు అతనితో పాటు మనమూ దొరికిపోతాం. ఇదే కథను మంచం కిందున్న కమలిని చెబుతోందనుకుని ఒక పేజీ రాసి చూడండి. సరదా మాత్రం మిగులుతుంది. లేని మనిషి ముందు మొగుడు పశ్చాత్తాపపడుతుంటే ఆ మాటల్లో ఎన్ని నిజమో అని మనకు వచ్చే అనుమానం పోతుంది. ఆ అనుమానమే నా లెక్కన ఈ కథకు వస్తువు. 'స్త్రీ విద్య' అని ఒక్క ముక్కలో రాస్తే అది ఎగిరిపోతుంది. అందుకే మూడు హెడ్డింగులు నాకు నచ్చలేదు, ఒకటి కదిలిస్తే మిగతా రెండూ కదులుతాయి.

మన జిల్లా మనిషితో ఇంకొకటి చెబుతాను. మహబూబ్‌నగర్ బస్సెక్కినప్పుడల్లా బిజినేపల్లి దాటుతారు కదా, పాకాల యశోదారెడ్డి 1929లో పుట్టింది అక్కడే. యూనివర్సిటీలో తెలుగు పాఠం చెప్పిన ఆమె 'మావూరి ముచ్చట్లు' మన పాలమూరు మాటల్లో రాసింది. చాలా కథల్లో పనివాళ్లు, ముసలమ్మలు యాసలో మాట్లాడతారు, రచయిత మాత్రం పుస్తక భాషలో పైన కూర్చుంటారు. 'దిద్దుబాటు'లో రాముడి మాట కూడా వేరుగానే ఉంటుంది. యశోదారెడ్డి కథ చెప్పే గొంతునే ఊరి గొంతు చేసింది. దాంతో ఊరివాళ్లను చూసి నవ్వే అవకాశం మనకు లేకుండా పోయింది, వాళ్ల పక్కన కూర్చుని వినాల్సిందే. అక్క వ్యాసంలో రాముడి మాటను 'మాండలిక సొగసు' అని ఒక్క లైనులో తేల్చేసింది. సొగసు సంగతి తర్వాత. ఆ గొంతు వల్ల ఎవరి మీద గౌరవం పెరిగిందో, ఎవరి మీద చనువు పెరిగిందో రాయి బిడ్డా.

నవీన్ నవల 'అంపశయ్య' (1969) మీ సిలబస్‌లో ఉందో లేదో తెలియదు, ఉన్నా లేకున్నా చదవండి. ఉస్మానియాలో చదివే రవి అనే కుర్రాడి ఒక్కరోజు, అంతే. బయట జరిగేది తక్కువ, తలలో నడిచేది ఎక్కువ. దాన్ని చైతన్య స్రవంతి అంటారు. పేరు చూసి టెన్షన్ పడకండి. మొదటి ముప్పై పేజీలు ఓపిక పట్టాలి. హాస్టల్లో డబ్బుల్లేని రోజు ఎంత పొడుగో తెలిసినవాళ్లకు ఆ నెమ్మది ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ పని. గైడు అటక మీద పడేసి, దసరా సెలవులకు వచ్చేలోపు 'దిద్దుబాటు' రెండుసార్లు చదవండి. రెండోసారి రాముడి మాటలు మాత్రమే కింద గీత గీసుకుంటూ చదవండి. కమలిని ఎక్కడుందో వాడికి ముందే తెలుసా? తెలుసనే నాకనిపిస్తుంది, తమ్ముడు ఒప్పుకోడు. ఎటు వాదించినా సరే, కథలోని వాక్యం చూపించి వాదించాలి. ఊరికే అనిపించింది అంటే సకినాలు పెట్టను.

అమ్మను అడిగానని చెప్పండి. చలికాలం ముందుంది, తమ్ముడికి స్వెటర్ కొనమనండి.

మీ పెద్దమ్మ