బోనులో పుట్టిన కోతికి అడవి ఎవరు నేర్పాలి?

పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కూతుర్ని తీసుకుని విజయవాడ నుంచి పినాకినిలో చెన్నై వెళ్లినప్పుడు ఒక రోజంతా వండలూరు జూలోనే గడిపాం. పిల్ల ఎక్కువసేపు నిలబడింది పులి దగ్గర కాదు, సింహపు తోక కోతుల దగ్గర. ఒళ్లంతా నలుపు, మొహం చుట్టూ వెండి రంగు జూలు, తోక చివర సింహానికి ఉన్నట్టే చిన్న కుచ్చు. ఒక తల్లి కోతి దుంగ మీద కూర్చుని బెరడు సందులో వేలు పెట్టి గీకుతోంది, దొరికిందేదో నోట్లో వేసుకుంటోంది, ఒళ్లో పిల్ల ఆ వేలినే చూస్తోంది, కాసేపటికి అది కూడా తన బుల్లి వేలు అదే సందులో పెట్టింది.

"పిన్నీ, మన ఉండవల్లి గుహల దగ్గర కోతులు హాయిగా తిరుగుతుంటాయి కదా, వీటినెందుకు లోపల పెట్టారు?" అని అడిగింది పిల్ల. అప్పటికేదో చెప్పి తప్పించుకున్నాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఈ కోతి ప్రపంచంలో మన పడమటి కనుమల్లో తప్ప ఇంకెక్కడా అడవిలో బతకదు. కేరళ, కర్ణాటక, తమిళనాడు అడవుల్లో అన్నీ కలిపి 3,000 నుంచి 4,000 దాకా ఉంటాయని అంచనా. ఎప్పుడూ పచ్చగా ఉండే వానల అడవి, అందులోనూ ఎత్తైన చెట్ల పై కొమ్మలు, అదీ దాని ఇల్లు. ఆ అడవిని టీ, కాఫీ తోటల కోసం ముక్కలు ముక్కలుగా కొట్టేశారు. ఆడకోతి మొదటి కాన్పుకే ఐదారేళ్లు పడుతుంది, కాన్పుకీ కాన్పుకీ మధ్య రెండున్నరేళ్లో ఇంకా ఎక్కువో, కాబట్టి ఒకసారి సంఖ్య పడిపోతే మళ్లీ పుంజుకోవడం చాలా కష్టం. 1970ల్లో కేరళ సైలెంట్ వ్యాలీలో కుంతి నది మీద డ్యామ్ కడతామన్నప్పుడు జనం అడ్డుపడ్డారు, కోతులు ముఖ్యమా మనుషులు ముఖ్యమా అని పెద్ద గొడవే జరిగింది. చివరికి 1984లో ఆ అడవిని నేషనల్ పార్కుగా ప్రకటించారు.

జూ పని వేరే. అడవిలో ఏదైనా జబ్బో కార్చిచ్చో వచ్చి జాతి తుడిచిపెట్టుకుపోతే మళ్లీ మొదలుపెట్టడానికి కొంత విత్తనం దాచి ఉంచినట్టు అనుకోండి. ఏ కోతి ఎవరికి పుట్టింది, ఏ జూ నుంచి ఏ జూకి వెళ్లింది అని ఒక చిట్టా రాస్తారు. దగ్గరి రక్తసంబంధం ఉన్నవాటిని జత కలపరు, మన ఇళ్లలో గోత్రం చూసినట్టే. వండలూరు జూకి ఈ కోతుల సంతతి పెంచే బాధ్యత ఉంది.

అయితే రక్తం ఒక్కటే దాస్తే సరిపోదని తెలియడానికి బ్రెజిల్‌లో చాలా ప్రాణాలు పోయాయి. అక్కడ గోల్డెన్ లయన్ టామరిన్ అనే ఉడతంత బంగారు రంగు కోతి ఉంది. 1970ల మొదట్లో అడవిలో అవి సుమారు 200 మిగిలాయి. జూల్లో ఉన్నవి వందకు లోపే, వాటికీ పిల్లలు సరిగ్గా పుట్టేవి కావు, పుట్టినా బతికేవి కావు. వాషింగ్టన్ నేషనల్ జూలో డెవ్రా క్లైమన్ అనే శాస్త్రవేత్త వాటి దగ్గరే కూర్చుని గమనించారు. ఒకటి, ఉత్త పళ్లు పెడితే చాలదు, పురుగుల్లాంటి మాంసకృత్తులు కావాలి. రెండోది నాకు చాలా ఇష్టమైన విషయం: తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ మోసిన అనుభవం లేని పిల్లకి తర్వాత తన పిల్లని ఎలా పెంచాలో తెలియదు. ఈ కోతుల్లో పుట్టే కవలల్ని తండ్రి మోస్తాడు, పెద్ద పిల్లలూ మోస్తారు. కుటుంబాన్ని విడదీయకుండా ఉంచితే సంతతి గబగబా పెరిగింది.

1984లో జూలో పుట్టినవాటిని అడవిలో వదలడం మొదలుపెట్టారు. మొదట వదిలినవాటిలో చాలావరకు చనిపోయాయి. పంజరంలో కర్రలు కదలవు, అడవిలో కొమ్మ ఊగుతుంది, వంగుతుంది, విరుగుతుంది. తిండి గిన్నెలో ఉండదు, ఆకు చుట్టలో దాక్కుని ఉంటుంది. ఆ చదువు వాటికి ఎవరూ చెప్పలేదు. తర్వాత జూ ఆవరణలోని చెట్ల మీదే స్వేచ్ఛగా తిరగనిచ్చారు, అడవిలో వదిలాక కూడా కొంతకాలం తిండి పెడుతూ కనిపెట్టుకుని ఉన్నారు. 2000 నాటికి 146 జూ కోతుల్ని వదిలారు. వాటికి అడవిలోనే పుట్టిన పిల్లలు మాత్రం బాగా నిలదొక్కుకున్నాయి. 2014కి అడవిలో సంఖ్య సుమారు 3,700 అయింది, తర్వాత ఎల్లో ఫీవర్ అనే దోమల జ్వరం వచ్చి సుమారు 2,500కి పడిపోయింది, కోతులకి టీకాలు వేశారు, 2023 లెక్కకి 4,800 దాకా చేరింది. వాటికి తిరిగి వెళ్లడానికి అడవి మిగిలి ఉండబట్టే ఇదంతా కుదిరింది. మన తమిళనాడు కొండల్లోని వాల్పరైలో టీ తోటల మధ్య రోడ్లు దాటుతూ సింహపు తోక కోతులు వాహనాల కింద పడుతుంటే చెట్టు నుంచి చెట్టుకి తాళ్ల వంతెనలు కట్టారు. అలాంటి చిన్న వంతెన కూడా జూ చేసే పనికి తక్కువేం కాదని నా నమ్మకం.

ఇక పిల్ల అడిగిన ఉండవల్లి కోతుల మాట. మనకి అన్నీ కోతులే గానీ అవి రెండు రకాలు. పొడుగు తోక, తల మీద నడినెత్తి నుంచి టోపీ పెట్టినట్టు పరుచుకున్న జుట్టు ఉంటే బానెట్ మకాక్. అది దక్షిణ భారతంలో తప్ప ఎక్కడా లేదు. పొట్టి తోక, ఎర్రటి పిర్రలు ఉంటే ఉత్తరాది రీసస్. ఈ రీసస్ ఏటేటా దక్షిణానికి జరుగుతూ బానెట్ చోటు ఆక్రమిస్తోంది, అందులో మన చేయి కూడా ఉంది: ఒక ఊళ్లో పట్టిన కోతుల్ని లారీలో వేసి ఇంకో ఊరి పొలిమేరలో వదిలేస్తాం. కొత్త చోట ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో తెలియని కోతి మళ్లీ ఇళ్ల మీదే పడుతుంది. రెండు రకాల్నీ కలిపి "కోతుల బెడద" అనేయడంతో బానెట్ తగ్గిపోవడం ఎవరి కంటా పడలేదు. ఇప్పుడది అంతర్జాతీయ రెడ్ లిస్టులో ప్రమాదపుటంచున ఉన్న జాతుల్లో చేరింది. దానికి ఇంకా జూ అవసరం రాలేదు, రాకూడదు కూడా.

ఇదంతా మా పిల్లకి చెప్పాను. వచ్చే ఆదివారం ఉండవల్లి వెళ్దాం అంది, అరటిపళ్లు పట్టుకెళ్లొద్దంది. నోట్‌బుక్‌లో మధ్యన గీత కొట్టి ఒక పక్క "పొడుగు తోక", ఇంకో పక్క "పొట్టి తోక" అని రాసి పెట్టుకుంది.